ఈ కారులో ఏమీ లేదు

డిసెంబరు 14

నిర్వచనాలతో మొదలుపెట్టాలి. మాటకు అర్థం చెప్పే హక్కును వదులుకున్నవాడు వాదనలో సగాన్ని అక్కడే వదులుకుంటాడు.

ఇల్లు లేకపోవడం ఒక స్థితి. ప్రయాణంలో ఉండటం ఒక పని. స్థితి మనిషికి సంభవిస్తుంది. పనిని మనిషి ఎంచుకుంటాడు. శీతాకాలపు సెలవులకు కాలేజీ హాస్టల్ మూసివేశారు. ఈ మధ్యాహ్నం తాళంచెవి అప్పగించాను. జనవరి పదకొండున తలుపులు మళ్ళీ తెరుస్తారు. అంతవరకు నేను ప్రయాణంలో ఉన్నాను. అమ్మ ఇచ్చిన పాత వ్యాగన్ కారు ఉంది, నిండుగా పెట్రోలు ఉంది, ఓక్లండ్‌కు అటూ ఇటూ కాలిఫోర్నియా తీరమంతా ఉంది. ప్రయాణానికి ఇంతకన్న అర్హత ఏం కావాలి?

నేను సామాను ఎక్కిస్తూ ఉంటే లువామ్ తెక్లె హాస్టల్ మెట్ల మీద కూర్చుని చూసింది. రెండేళ్ళుగా వాదనపోటీల్లో నా జోడీ. వాళ్ళ ఇల్లు ఇక్కడికి పావుగంట దూరం. లియొనోర్ బెటెన్‌కోర్ట్ అనే నా పేరును పూర్తిగా పలికే ఓపిక ఆమెకు ఏనాడూ లేదు.

"ఒక్కదానివే తిరుగుతావా బెట్? నాలుగు వారాలు?"

"ప్రకృతితో గడుపుతాను."

"ప్రకృతితో నీకేం పనే? చెట్టు ఎదురు మాట్లాడదు. పది నిమిషాల్లో విసుగొచ్చి చస్తావు."

"సముద్రం మాట్లాడుతుంది."

"పాపం సముద్రం!"

ఆ తర్వాత లేచి, ఒక అరచేతిని నెత్తిమీద పెట్టుకుని, రెండవ చేతిని నా వైపు చాచింది. మా పోటీల్లో వక్త మాట్లాడుతుండగా ప్రశ్న వేయదలచినవారు అలా నిలబడతారు. స్వీకరించాలో లేదో వక్త ఇష్టం.

"ప్రశ్న," అంది.

"స్వీకరించను."

"ఎప్పుడు స్వీకరించావు గనక? తొమ్మిదో తారీకు పోటీకి మాత్రం చచ్చినట్టు రావాలి."

నిజమే, నా ఏడు నిమిషాల ప్రసంగంలో నేను ఎవరి ప్రశ్ననూ స్వీకరించను. ఆ ఏడు నిమిషాలు నావి.

ఈ నాలుగు వారాల్లో నేను కాపాడుకోవలసింది ఒక్కటే. నేను ఎక్కడ పడుకుంటున్నానో ఎవరికీ, ముఖ్యంగా లువామ్‌కు, తెలియకూడదు. కారణం అభిమానం కాదు, సూత్రం. సొంత గాయాన్ని సాక్ష్యంగా వేదికమీదికి తెచ్చేవాళ్ళను నేను మొదటినుంచీ ఖండిస్తున్నాను. వసంతంలో మా పోటీలకు అద్దె ఇళ్ళ తీర్మానం రాబోతోంది. ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళు నా వాదన వినాలి, నన్ను చూసి జాలిగా తలలు పక్కకు వంచకూడదు. నేను వాదించే మనిషిని. ఉదాహరణను కాను.

డిసెంబరు 15

ఈ ప్రాంతంలో కారు అద్దం పగలగొట్టి సంచి ఎత్తుకుపోవడానికి పట్టే సమయం తుమ్మడానికి పట్టే సమయం కన్న కొంచెమే ఎక్కువ. అందుచేత ఇక్కడివాళ్ళకు ఒక అలవాటు ఏర్పడింది: దాచడం మానేసి, ఏమీ లేదని చూపించడం. డ్యాష్‌బోర్డు అరను ఖాళీ చేసి తెరిచి ఉంచుతారు. డిక్కీ లోపలిదాకా కనిపించేట్టు వెనక సీట్లు మడిచివేస్తారు. కొందరు అద్దాలు కూడా దించిపోతారు. చూడవయ్యా, నా దగ్గర ఏముంది, అని కారు చేతులు చాపి నిలబడుతుంది.

నేను దీన్ని ఇంకా కట్టుదిట్టం చేశాను. సామాను సర్దడం ఆగబోయే చోటికి చేరకముందే ముగియాలి. చేరాక డిక్కీ తెరిచేవాడు, ఎక్కడ ఏముందో కాపువేసినవాడికి తానే చూపిస్తున్నాడు. బట్టలు స్టెప్నీ గుంటలో, పైన కార్పెట్. ల్యాప్‌టాప్ ఎప్పుడూ నా వీపున. స్లీపింగ్ బ్యాగ్ మాసిన బట్టల సంచిలో. కారు ముక్కు ఎప్పుడూ రోడ్డు వైపు. పెట్రోలు సగానికి తగ్గకూడదు. ఒకే చోట వరుసగా రెండు రాత్రులు ఉండకూడదు. లోపల ఉన్నప్పుడు తలుపులకు తాళం. బయటికి వెళ్ళేటప్పుడు తాళం తీసి ఉంచడం. కిటికీని వేలెడు దించి ఉంచాలి, లేకపోతే అద్దాలకు ఆవిరి పడుతుంది. ఆవిరి పట్టిన అద్దం, లోపల ఊపిరి తీసేది ఏదో ఉందని ఊరందరికీ చెబుతుంది.

అమ్మ నుంచి మెసేజ్: "వెనక సీటు చూసుకున్నావా?"

ప్రతిరోజూ ఇదే. అమ్మ టర్లాక్‌లో స్కూలు బస్సు నడిపేది. చివరి స్టాపు అయ్యాక డ్రైవరు బస్సు వెనకదాకా నడిచి, ఏ సీట్లోనూ పిల్లలెవరూ నిద్రపోయి మిగిలిపోలేదని చూసి, వెనక అద్దానికి "ఖాళీ" అనే అట్ట తగిలించాలి. అది నియమం. కారెక్కే ముందు వెనక సీట్లో ఎవరైనా నక్కి ఉన్నారేమో చూసుకోవాలన్నది ఆమె నాకు నేర్పిన మొదటి జాగ్రత్త. చిన్నప్పుడు ఆ బస్సులోనే బడికి వెళ్ళేదాన్ని. నిద్ర రాకపోయినా చివరి సీట్లో కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఆమె అడుగులు దగ్గరికి వచ్చేవి. ఇది ఒక సమాచారం మాత్రమే. దీనినుంచి ఏ నిర్ణయానికీ రానవసరం లేదు.

ఆగస్టులో ఆమె ఇల్లు అమ్మి, వెండెల్ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుని, మంచు కురిసే బాయిసీకి వెళ్ళిపోయింది. ఆ నిర్ణయాన్ని నేను భోజనాల బల్ల దగ్గర మూడు అంశాలుగా ఖండించాను. అమ్మ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. లేచి వెళ్ళి కారు టైర్లలో గాలి చూసి, తాళంచెవులు నా చేతిలో పెట్టింది. మా పోటీల్లో నియమం స్పష్టం: జవాబివ్వని వాదం ఒప్పుకున్నట్టే లెక్క. అందుచేత నేను గెలిచాను. వాళ్ళింట్లో నాకోసం ఒక సోఫా ఉందట. గెలిచినవాళ్ళు సోఫా మీద పడుకోరు.

"చూసుకున్నాను," అని జవాబిచ్చాను.

డిసెంబరు 16

వాన. లైబ్రరీ. స్నానం చేసే జిమ్‌లో ఒకమ్మాయి "టవలు కావాలా?" అంది. "వద్దు," అన్నాను. ఈరోజు మాట్లాడిన మాట అదొక్కటే.

డిసెంబరు 18

శాన్‌ఫ్రాన్సిస్కో వైపు సముద్రం కనిపించే మలుపు దగ్గర ఒక కుటుంబం తమ కారు ముందు నిలబడి ఉంది. వెనక అద్దం లేదు. నేల మీద గాజు, రాళ్ళుప్పు పోసినట్టు. భర్త పేరు డ్వేన్. నెబ్రాస్కా నుంచి వచ్చారు. భార్య చేతులు కట్టుకుని సముద్రాన్ని చూస్తోంది. చిన్నపిల్ల తండ్రి ప్యాంటు పట్టుకుని ఉంది.

"అద్దె కారు కదూ?" అన్నాను.

"అవునమ్మా. ఎలా తెలిసింది?"

"అద్దం మూలన అద్దె కంపెనీ బార్‌కోడు చీటీ ఉంది. నాకు తెలిసినట్టే వాళ్ళకీ తెలుస్తుంది. సంచులు ఇక్కడికి వచ్చాకే డిక్కీలోకి మార్చారా?"

"ఇక్కడే మార్చాను. ఫొటో దిగి వచ్చేస్తాం కదా అనుకున్నా."

"నేను చెప్తూనే ఉన్నా," అంది భార్య, తల తిప్పకుండా. "ఈయన వింటేనా! నెబ్రాస్కాలో ఇంటికే తాళం వెయ్యడు, ఈ మనిషి."

వాళ్ళకు అన్నీ వివరించాను. సామాను ముందే సర్దుకోవడం, సీట్లు మడవడం, డ్యాష్‌బోర్డు అర తెరిచి ఉంచడం. బాగా మాట్లాడాను. మూడు భాగాలుగా, సందేహానికి తావు లేకుండా. డ్వేన్ తల ఊపుతూ విన్నాడు. రోజుల తర్వాత నా మాట ఒకరు చివరిదాకా విన్నారు.

"నా కుందేలు కూడా సంచిలోనే ఉంది," అంది పిల్ల. గుడ్డతో చేసిన కుందేలట. "దానికి ఒక చెవి లేదు. దాన్ని అమ్మినా ఎవరూ కొనరు. ఎందుకు తీసుకున్నారు?"

గాజుముక్కలను బూటుతో పక్కకు నెట్టాను.

"మీ కారెక్కడమ్మా? ఒకసారి చూసుకోండి," అన్నాడు డ్వేన్. దూరంగా ఉన్న ఎవరిదో నీలం కారు చూపించాను. "భోజనానికి మాతో రండి. నా మొహం చూస్తే మా ఆవిడకు ముద్ద దిగదీవేళ. మీరుంటే కాస్త నయం."

"నాకోసం ఎదురుచూస్తున్నారు," అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయేదాకా నా కారులో ముందు సీట్ల వెనక పడుకుని ఉన్నాను, తల కనిపించకుండా.

డిసెంబరు 19

నా కారుకు కూడా అద్దాలు ఉన్నాయి. ఒక్కటి పోయినా ఈ ప్రయాణం ముగిసినట్టే. ఖాళీ సీట్లు చూపించడం చాలదు. చూసేవాడు చీకట్లో సరిగా చూడకపోవచ్చు. కొందరు చీటీ అంటిస్తారు, "ఏమీ లేదు" అని. కారణం చెప్పని ప్రకటన ఎవరినీ ఒప్పించదు. అందుచేత నేను పెద్ద అక్షరాలతో ఇలా రాసి, వెనక అద్దానికి లోపలివైపు అంటించాను:

"ఈ కారు జోలికి రాదలచినవారికి.
ఒకటి: ఈ కారులో ఏమీ లేదు.
రెండు: అద్దం పగిలితే మీకు వచ్చేది శూన్యం, నాకు పోయేది అద్దం. ఇరుపక్షాలకూ లాభం లేని చర్య, ఆత్మగౌరవమున్న ఏ వృత్తికీ తగదు.
మూడు: తలుపులకు తాళం వేయలేదు. సందేహముంటే తెరిచి చూసుకోవచ్చును.
పై కారణాల దృష్ట్యా అద్దాన్ని వదిలివేయవలసిందిగా మనవి."

దూరంనుంచి చదివాను. వాదనలో ఎక్కడా పగులు లేదు.

డిసెంబరు 20

ఒక పగులు ఉంది. నేను బయట ఉన్నప్పుడు మొదటి వాక్యమూ మూడవ వాక్యమూ నిజం. నేను లోపల ఉన్నప్పుడు రెండూ అబద్ధం.

దొంగకు ఈ తేడా అనవసరం కాబట్టి సవరించలేదు.

డిసెంబరు 22

పొద్దున్నే కిటికీ మీద తట్టారు. కిరాణా దుకాణపు పార్కింగ్ కాపలాదారు, పెద్దాయన, తలకు ఉన్ని టోపీ.

"అమ్మాయీ, ఇక్కడ పడుకోకూడదు."

"పడుకోలేదండీ. కూర్చునే ఉన్నాను."

"కళ్ళు మూసుకునా?"

"కళ్ళు మూసుకోవడం నిద్ర కాదు. పైగా మీ బోర్డు మీద 'రాత్రివేళ నిలపరాదు' అని మాత్రమే ఉంది. ఇప్పుడు పొద్దున్న. రాత్రి అంటే ఏ గంటనుంచి ఏ గంటవరకో బోర్డు చెప్పలేదు. నిర్వచించని నిషేధం చెల్లదు."

ఆయన టోపీ పైకి జరుపుకుని నన్ను చూశాడు. "లాయరువా?"

"కాబోతున్నాను."

"అవుతావు తల్లీ, ఖాయంగా అవుతావు. నీ వాదన చాలా బాగుంది. ఇంక బండి తియ్యి."

తీశాను. వాదనలో నెగ్గింది నేను అని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మా పోటీల్లో చప్పట్లు కొట్టరు. వక్త మాట నచ్చితే అరచేతితో బల్ల మీద వేగంగా తడతారు. తట్టే చప్పుడు వింటే నాకు వెన్ను నిటారుగా అయ్యేది. ఇప్పుడు అదే చప్పుడుకు చెయ్యి తాళంచెవి మీదికి పోతోంది. ఒకే శబ్దానికి రెండు నిర్వచనాలు.

సాయంత్రం లువామ్ ఫోన్ చేసింది, పోటీకి అభ్యాసం చేద్దామని. బట్టలుతికే దుకాణంలో, వెచ్చగా తిరుగుతున్న మెషిన్ల మధ్య కూర్చుని మాట్లాడాను.

"ఆ గరగరలేంటే వెనక?"

"సముద్రం."

"సముద్రానికి సర్వీసింగ్ చేయించాలేమో," అంది.

గంటకు పైగా వాదించుకున్నాం. పెట్టేసే ముందు "మా ఇంటికి రావొచ్చుగా ఒకరోజు, అమ్మ అడుగుతోంది," అంది. తీరం వెంబడి మాంటెరే దాకా వెళ్ళే ఆలోచన ఉందని చెప్పాను. బట్టలు ఆరిపోయినా మెషిన్‌ను ఇంకొకసారి తిప్పాను.

డిసెంబరు 25

లైబ్రరీ మూత. జిమ్ మూత. బట్టలుతికే దుకాణం మూత. అమ్మ వీడియో కాల్ చేసింది. ఎత్తితే కారు కప్పు కనిపిస్తుంది. "డ్రైవింగ్‌లో ఉన్నాను, పండగ శుభాకాంక్షలు," అని రాశాను.

"డ్రైవ్ చేస్తూ మెసేజ్ రాయకు!" అని జవాబు.

ఆ తర్వాత: "తీపి రొట్టె చేశాను. మీ అమ్మమ్మ చేసినట్టే పొంగింది."

డిసెంబరు 28

నా వాదన నెగ్గింది. దీన్ని వివరంగా రాయాలి.

లైబ్రరీనుంచి తిరిగి వచ్చేసరికి కారు తలుపు కొంచెం తెరిచి ఉంది. అద్దాలన్నీ క్షేమం. డ్యాష్‌బోర్డు అర వేసి ఉంది, మర్యాదగా. కార్పెట్ కింద బట్టలు భద్రం. వచ్చిన మనిషి చీటీ చదివాడు, మూడవ అంశాన్ని అనుసరించి తలుపు తెరిచి చూసుకున్నాడు, రెండవ అంశాన్ని గౌరవించి అద్దాన్ని వదిలిపెట్టాడు. స్లీపింగ్ బ్యాగ్ తీసుకుపోయాడు. దిండు కూడా.

విలువైన వస్తువుల గురించి అంత ఆలోచించినదాన్ని, వాటిని ఆ పద్దులో ఎందుకు చేర్చలేదో తెలియదు. అవి నాకు సామానుగా తట్టలేదు. తీసుకున్నవాడికి చలి వేస్తూ ఉండాలి. అతని పక్షాన వాదించమంటే వాదించగలను.

డిసెంబరు 29

చలి ఒక అభిప్రాయం.

డిసెంబరు 30

పాత సామాను అమ్మే దుకాణంలో దుప్పటి దొరికింది. పలుచన. మీద డైనోసార్ల బొమ్మలు.

ఎవరితోనూ మాట్లాడలేదు. నిన్నా మాట్లాడలేదు. గొంతు పని చేస్తోందో లేదో చూద్దామని కారులో కూర్చుని ప్రతిపక్షం తరఫున ఏడు నిమిషాలు మాట్లాడాను. ఆ తర్వాత అధికారపక్షం తరఫున. మధ్యలో ప్రశ్న కోసం ఆగాను. ఎందుకు ఆగానో.

జనవరి 2

దగ్గు. బహుశా జ్వరం కాదు.

జనవరి 3

మా జట్టు గ్రూపులో గ్రిఫిన్ ఒక ఫొటో పెట్టాడు. గ్రిఫిన్ మా జూనియర్, ప్రతి దానికీ నవ్వే రకం. ఫొటో ఇంకెవరో తీసినది, చేతులు మారి వాడిదాకా వచ్చింది. అందులో నా వెనక అద్దం. నా చీటీ. నంబరు ప్లేటు కనిపించడం లేదు. చీటీ వెనకగా, ఓక్లండ్ పక్కనే ఉన్న అలమీడా బీచ్‌లో పడవలు పెట్టే పసుపు షెడ్డు.

గ్రిఫిన్: "దొంగ ముందు కూడా తీర్మానం ప్రవేశపెట్టారెవరో! చచ్చిపోతున్నా నవ్వలేక."

ఇంకొకరు: "న్యాయనిర్ణేత ఎవరు, దొంగేనా?"

గ్రిఫిన్: "రెండో పాయింటు తుస్సు. ఆత్మగౌరవమున్న వృత్తి అని దొంగతనానికి మనమే సర్టిఫికెట్ ఇచ్చేశాం. ఇంక వాడెందుకు మానతాడు?"

లువామ్: "'ఇరుపక్షాలకూ'. 'పై కారణాల దృష్ట్యా'. ఈ మాటలు నేనెక్కడో విన్నానే."

మామూలు మనిషి "ఏమీ లేదు" అని రాసి ఊరుకుంటాడు. దొంగకు అంశాలవారీగా, ముగింపు వాక్యంతో సహా విన్నవించుకునే మనిషి ఈ తీరంలో ఎందరుంటారు? ఆలోచించవలసింది చీటీ అంటించేటప్పుడు.

గ్రిఫిన్ ఖండన తప్పు. ఎదుటివాడికి గౌరవం ఇచ్చి, ఆ గౌరవానికి తగ్గట్టు నడవమనడం బలహీనత కాదు, ఎత్తుగడ. జవాబు మొత్తం టైపు చేశాను. చెరిపేశాను.

జనవరి 4

లువామ్ మెసేజ్‌లు, ఉన్నవి ఉన్నట్టుగా:

"బెట్, గ్రూపులో రెండో పాయింటును ఉతికి ఆరేస్తున్నారు. నువ్వేమంటావు?"

"బెట్?"

"నువ్వు ఎదురు చెప్పని వాదన నేను పుట్టాక చూడలేదు."

సాయంత్రం: "జవాబివ్వని వాదం ఒప్పుకున్నట్టే లెక్క."

"ఇక్కడ సిగ్నల్ లేదు, తర్వాత మాట్లాడతాను," అని జవాబు పంపాను. వెంటనే చేరింది.

ఆమె నవ్వు బొమ్మ కూడా పెట్టలేదు.

జనవరి 5

కారును ఈ బీచ్ నుంచి తీసివేయాలి. నిన్న రాత్రీ ఇక్కడే ఉన్నాను, మొన్నా ఇక్కడే. నియమ విరుద్ధం. జ్వరం తగ్గాక తీస్తాను.

చీటీ కూడా తీసివేయాలి. వాన పడుతోంది కాబట్టి తీయలేదు.

చీటీ అద్దానికి లోపలివైపే ఉంది. అది నాకు తెలుసు.

జనవరి 6

మధ్యాహ్నం. వాన ఇంకా పడుతోంది. మడిచిన సీట్ల మీద డైనోసార్ల దుప్పటి, దానిపైన కోటు, దానిపైన పోటీకి వేసుకునే సూటు కప్పుకుని పడుకున్నాను. ఎవరో తలుపు పిడి లాగారు. తాళం వేసి ఉంది. ఆ తర్వాత కారు కప్పు మీద తట్టారు. అరచేతితో, వేగంగా, బల్ల మీద తట్టినట్టు.

"మూడో పాయింటు అబద్ధం," అని బయటినుంచి వినిపించింది. "తాళం వేసుంది."

సూటును తలమీదికి లాక్కున్నాను.

"తాళం తీసే ఉంటుందని చీటీ అంటోంది. వేసుందంటే, లోపల ఏదో ఉండబట్టేగా! అంటే మొదటి పాయింటూ అబద్ధమే. రెండోదాన్ని గ్రిఫిన్ ఎప్పుడో చంపేశాడు. నీ కేసులో ఇంకేం మిగల్లేదే బెట్."

అద్దం నిండా ఆవిరి. తుడిచాను. లువామ్ వానలో నిలబడి ఉంది, ఒక అరచెయ్యి నెత్తిమీద, రెండవ చెయ్యి నా వైపు చాచి. పోటీ గదిలో ఆ భంగిమకు ఒక హుందాతనం ఉంది. పార్కింగ్ స్థలంలో లేదు. కుక్కను తిప్పుతున్న ఒకాయన ఆగిపోయి చూస్తున్నాడు.

"వెళ్ళిపో," అన్నాను.

"ప్రశ్న."

"స్వీకరించను."

"నిలబడతాను."

"వక్త నిరాకరిస్తే అడిగినవారు కూర్చోవాలి. అది నియమం."

"ఎక్కడ కూర్చోనే, బురదలోనా? తలుపు తీస్తే కూర్చుంటా."

దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా ఆమె చెయ్యి దించలేదు. చాచిన మోచేతినుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అడుగు," అన్నాను.

"లోపల ఎవరున్నారు?"

ఏ తీర్మానం మీదనైనా, ఏ పక్షాననైనా ఏడు నిమిషాలు నిలబడి మాట్లాడగలను. ఈ ప్రశ్నకు ఒక్క మాట చాలు. అది రాలేదు. చెయ్యి చాచి తాళం తీశాను.

ఆమె లోపలికి దూరి తలుపు వేసుకుంది. ఉన్ని కోటు తడిసిన వాసన. చుట్టూ చూసింది: దుప్పటి, నీళ్ళ సీసా, అద్దానికి ఆరేసిన సాక్సు. ఆమె తల పక్కకు వంచుతుందని ఎదురుచూశాను.

"సూటు కప్పుకున్నావా?" అంది. "దాన్ని ఇస్త్రీ ఎవడు చేస్తాడే? మూడు రోజుల్లో పోటీ."

"వసంతంలో అద్దె ఇళ్ళ తీర్మానానికి నన్ను ఉదాహరణగా వాడితే..."

"ఉదాహరణా? నువ్వా?" లువామ్ నిజంగానే నవ్వింది. "దొంగకు మనవి రాసుకునే మనిషి లోకంలో ఇంకొకతె ఉంటే కదా! నువ్వు దేనికి ఉదాహరణవే?"

ఆ తర్వాత నవ్వలేదు. "పావుగంట," అంది కిటికీ వైపు చూస్తూ. "మా ఇల్లు పావుగంట, బెట్. సముద్రంతో మాట్లాడావు. మాతో మాట్లాడలేకపోయావు."

నేను జవాబివ్వలేదు. జవాబివ్వని వాదం ఒప్పుకున్నట్టే.

కారు ఆమే నడిపింది. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నా నుదుటిమీద చెయ్యి వేసి, కూతురితో తమ భాషలో ఏదో కసిరినట్టు అని, నా వైపు తిరిగింది.

"సామానంతా లోపలికి తెచ్చెయ్యి తల్లీ. ఈ వీధిలో అద్దాలు పగలగొడుతున్నారు. కార్లో ఏమీ ఉంచకూడదు."

జనవరి 7

లువామ్ వాళ్ళది ఎరిత్రియా. వాళ్ళకు క్రిస్మస్ ఈరోజు. ఇల్లు నిండా చుట్టాలు. నాకు సోఫా ఇచ్చారు. పడుకున్నాను.

కాఫీ గింజలు వేయించి, పొగ లేస్తున్న పెనాన్ని లువామ్ వాళ్ళమ్మ ఒక్కొక్కరి ముందుకూ తెచ్చి చూపిస్తోంది. నా ముందు కొంచెం ఎక్కువసేపు ఆపింది, ముక్కు పట్టేసిందని. చీటీ లువామ్ దగ్గర ఉంది. రెండో అంశం మీద గ్రిఫిన్‌కు నా జవాబును నా ఫోన్‌లోనే తను టైపు చేస్తోంది, తప్పుగా. తర్వాత సరిచేస్తాను.

ఫోన్ తిరిగి ఇచ్చేటప్పటికి అమ్మ మెసేజ్ వచ్చి ఉంది. "వెనక సీటు చూసుకున్నావా?"

చాలా రాశాను. అంశాలుగా విడదీశాను. చెరిపేశాను. చివరికి ఇంతే పంపాను:

"చూశానమ్మా. సెలవులు మొదలైనప్పటినుంచీ అక్కడ పడుకుంటున్నది నేనే."

చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. రాదనుకున్నాను.

ఫోన్ మోగుతోంది. ఇక్కడ ఆపుతున్నాను.